పదివేల అడుగులు అక్కర్లేదు నాన్నా!

రిటైరైన నాన్న ఫోన్‌లో స్టెప్ కౌంటర్ యాప్ వేసి, ‘రోజూ పదివేలు నడవాల్సిందే’ అని ఆర్డరేసి వచ్చేశారా? నాలుగో రోజుకి ఆయన దాన్ని తెరవడమే మానేసి ఉంటారు.

అసలు ఆ 10,000 డాక్టర్లు పెట్టిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ‘మాన్పోకే’ అనే పరికరం పేరుకి అర్థమే ‘పదివేల అడుగుల మీటరు’. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్లున్న మహిళల మీద ఓ అధ్యయనం వచ్చింది. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక పెద్ద తేడా లేదు.

కాబట్టి మొదటి వారం ఏ టార్గెట్టూ వద్దు. ఇప్పుడెంత నడుస్తున్నారో చూసి, దానికి ఓ 500 కలపండి. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేయండి, భాష తెలుగులోకి మార్చండి. ఫోన్ టీవీ పక్కనే ఉండిపోతే యాప్‌కి అడుగులు తెలియవు. జేబులో ఉండాలి.

యాప్ లెక్కపెట్టనివీ ఉన్నాయి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడంతో పాటు, మూడు రోజులు బ్యాలెన్స్, కండరాల వ్యాయామాలూ చేయాలంటుంది డబ్ల్యూహెచ్‌ఓ. కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివన్నమాట. కాలు జారినా పడకుండా ఆపేవి అవే. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులుంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి.

ఇక నోటిఫికేషన్ పని మీరే చేయండి. సాయంత్రం ఫోన్‌లో ‘తిన్నావా’ తర్వాత ‘ఇవాళ ఎటెళ్లావు నాన్నా?’ అనండి. మీ అడుగులూ చెప్పండి. ఆయనవే ఎక్కువున్నాయా? ఇక పందెం మొదలైనట్టే!