గోడల్లోని రాళ్ళు

ఈ నెల రక్తపోటు, చక్కెర కబుర్లకు సెలవు. పోయిన ఆదివారం సకుటుంబంగా గార్చింగ్ నుంచి రేగెన్స్‌బుర్గ్ వెళ్ళివచ్చాం. కారులో గంటన్నర లోపు ప్రయాణమే. ఎప్పుడు వెళ్ళినా పెద్ద చర్చీ, డాన్యూబు మీది రాతి వంతెనా చూసి వచ్చేస్తాం. ఈసారి నోయ్‌ఫార్‌ప్లాట్స్ చౌకులో ఆగాం.

అక్కడ తెల్లటి అరుగుల మీద పిల్లలు ఎక్కి దూకుతున్నారు. తీరా చూస్తే అవి అరుగులు కావు; ఒకనాటి యూదుల ప్రార్థనామందిరపు పునాది రేఖలు. ఇజ్రాయెల్ శిల్పి దానీ కారవాన్ వాటిని 2005లో రూపొందించాడు.

మధ్యయుగంలో ఇక్కడ యూదుల పేట ఉండేది. వారికి చక్రవర్తి రక్షణ ఉండేది. 1519 జనవరిలో మాక్సిమీలియన్ చక్రవర్తి చనిపోయాడు. ఫిబ్రవరిలోనే నగరసభ వారిని వెళ్ళగొట్టింది. మందిరం కూల్చారు, శ్మశానం పెళ్ళగించారు. ఆ సభలో ఉన్న చిత్రకారుడు ఆల్ట్‌డోర్ఫర్, కూల్చే ముందు మందిరాన్ని రెండు అచ్చుబొమ్మలుగా గీసిపెట్టాడు. పొమ్మన్నవాడే ఆనవాలూ మిగిల్చాడన్నమాట!

1995లో మొదలైన తవ్వకాల్లో ఇళ్ళ నేలమాళిగలు, మందిరపు పునాదులు, ఒకచోట 624 బంగారు నాణేలు బయటపడ్డాయి. సమాధి రాళ్ళకు మాత్రం తవ్వకం అక్కరలేదు. కొన్ని ఊరి ఇళ్ళ గోడల్లో హీబ్రూ అక్షరాలతో నేటికీ కనిపిస్తాయి.

మాకు అమరావతి గుర్తొచ్చింది. గుంటూరులో వైద్యం చదివే రోజుల్లో బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. 1797లో మెకంజీ చూసేనాటికే స్తూపం రాళ్ళు కట్టడాలకు తరలిపోతున్నాయి. అక్కడ విలువ తెలియక వాడుకున్నారు. ఇక్కడ కొందరు తెలిసే, గెలుపు గుర్తుగా గోడల్లో పెట్టారు. విరిగిన ఎముక అతుక్కున్నా ఎక్స్‌రేలో ఆ చోటు తెలిసినట్టు, ఈ ఊరి గోడల్లో ఆ దెబ్బ తెలుస్తూనే ఉంది.

1912లో కట్టుకున్న మందిరాన్ని 1938లో తగలబెట్టారు. అదే చోట కొత్తది 2019లో తెరుచుకుంది. వెళ్ళగొట్టిన అయిదు వందల ఏళ్ళకు!

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మనల్ని కూడా పొమ్మంటారా?" ఇప్పుడు చట్టాలున్నాయమ్మా అన్నాం. ఆనాడు వాళ్ళకూ చక్రవర్తి రక్షణ ఉండేదని అంతకు ముందే చెప్పింది మేమే. అమ్మాయి ఇంకేమీ అడగలేదు గానీ, ఆ జవాబు మాకే చాలలేదు.

మీ పిల్లలు అడిగితే ఏమంటారో రాసి పంపండి. వచ్చే సంచికలో వేద్దాం.