కెమెరా కొనే ముందు దాన్ని పెట్టే చోటు చూసుకోండి

యానాంలోని మా ఫరంపేటలో కెమెరా కొనాలనుకునే కుర్రాళ్లు నన్ను మొదట అడిగే మాట ఒకటే. "ఎన్ని మెగాపిక్సెల్స్‌ది తీసుకోమంటావు బాబాయ్?" నేను ఎదురు అడిగేదీ ఒకటే. "రాత్రిపూట దాన్ని ఎక్కడ పెడతావురా?" చాలామంది తడుముకుంటారు. బ్యాగులో అంటారు, ఆ బ్యాగు బీరువాలో అంటారు. గౌతమి నుంచి కోరంగి పాయ చీలే చోట, మడ అడవుల పక్కన, ఏడాదిలో సగం రోజులు గోడలు చెమ్మెక్కే యానాంలో ఆ జవాబు సరిపోదు. ఇక్కడ కెమెరాలు వాడి వాడి పాడైపోయేవి తక్కువ. బీరువాలో ఉండి పాడైపోయేవే ఎక్కువ.

పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, తీర్థాలు, వరదలు అన్నీ తీస్తూ బతికేవాడిని. ఫిల్ము రీళ్ల రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్నాను. అందుకే ఒక మాట గట్టిగా చెప్పదలిచాను. చేతిలో ఉన్న డబ్బంతా కెమెరా మీదే పెట్టకండి. ఐదు వంతుల్లో ఒక వంతు దాన్ని, అది తీసిన ఫొటోలను కాపాడటానికి పక్కన పెట్టండి. ఆ వంతు మిగలకపోతే ఒక మెట్టు తక్కువ కెమెరా కొనండి. నష్టం లేదు.

ఎందుకు లేదో లెక్క చూడండి. 24 మెగాపిక్సెల్స్ కెమెరా ఇచ్చే ఫొటో 6,000 చుక్కల వెడల్పు, 4,000 చుక్కల ఎత్తు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేసినా 20 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పైచిలుకు ఎత్తు వస్తుంది. ఇంట్లో గోడకు తగిలించే పటానికి అది చాలు. 12 అంగుళాలకు 8 అంగుళాల ప్రింటుకైతే 9 మెగాపిక్సెల్స్ కూడా పూర్తిగా అక్కర్లేదు. పదేళ్ల కిందటి మంచి కెమెరాలన్నీ ఈ గీత ఎప్పుడో దాటేశాయి. ఇంతకు మించి అంకెల కోసం పెట్టే డబ్బు ఫొటోలో కనిపించదు. హార్డ్ డిస్కులు నిండటంలో కనిపిస్తుంది.

ఇంకో సంగతి. బాడీ కన్నా ముందు లెన్స్ గురించి ఆలోచించాలి. ఏం తీస్తారో తేల్చుకుంటే లెన్స్ అదే తేలుతుంది. కోరంగి అభయారణ్యంలో పక్షులు తియ్యాలంటే కనీసం 300 మిల్లీమీటర్ల లెన్స్ కావాలి. ఎంత ఖరీదైన బాడీ కొన్నా కిట్ లెన్స్‌తో కొంగ చుక్కలాగే కనిపిస్తుంది. ఇంట్లో పిల్లల్ని, పండగలని తియ్యాలంటే 50 మిల్లీమీటర్ల 1.8 లెన్స్ ఒక్కటి చాలు. తక్కువ ధర, తక్కువ బరువు, దీపాల వెలుగులో కూడా పని చేస్తుంది. చేప పిల్లలవో, కొబ్బరి దింపువో ఫొటోలు వాట్సాప్‌లో పెట్టుకోవడానికైతే మీ ఫోనే చాలు. ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

పెద్ద కంపెనీలు మిర్రర్‌లెస్ వైపు వెళ్లిపోవడంతో పాత డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో చౌకగా దొరుకుతున్నాయి. నేర్చుకునేవాళ్లకు ఇది మంచి అవకాశం. కాకపోతే రేపు మిర్రర్‌లెస్‌కి మారినప్పుడు లెన్సులు పనికొస్తాయా అన్నది ముందే చూసుకోవాలి. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ పెడితే కొత్త ఆర్ఎఫ్ బాడీల మీద చక్కగా ఫోకస్ చేస్తాయి. నికాన్‌లో లోపల మోటారు లేని పాత లెన్సులు మాత్రం ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ చెయ్యవు, చేత్తో తిప్పుకోవలసిందే. షట్టర్ కౌంట్ (బాడీ ఇప్పటిదాకా కొట్టిన క్లిక్కుల లెక్క) కూడా అడగండి. నికాన్ డీ750కి కంపెనీ చెప్పిన షట్టర్ ఆయుష్షు 1,50,000 క్లిక్కులు, డీ850కి 2,00,000. ఒక పెళ్లికి మూడు నాలుగు వేల క్లిక్కులు కొట్టే చేతుల్లో తిరిగిన బాడీ ఎంత వాడకం చూసిందో ఆ అంకె చెబుతుంది.

సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు మాత్రం ఎవరి మాటా నమ్మొద్దు, టార్చి లైటునే నమ్మండి. మా వీధి కుర్రాడొకడు ఈమధ్య పట్నంలో ఒక లెన్స్ కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టాడు. పైకి అద్దంలా మెరుస్తోంది, రింగు మెత్తగా తిరుగుతోంది. రెండు మూతలూ తీసి, గదిలో లైటు ఆర్పి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి ఏటవాలుగా వేశాం. ముందు నుంచి చూస్తే లోపలి రెండో అద్దం అంచున తెల్లటి సన్నపోగులు, అక్కణ్ణుంచి మధ్యకి పాకుతూ కొమ్మలు. ఫంగస్. దుమ్మయితే చుక్కలు చుక్కలుగా ఉంటుంది, గీతయితే తిన్నగా ఉంటుంది, ఫంగస్ మాత్రం కొమ్మలు వేస్తుంది. అది వదిలే ఆమ్లం అద్దం మీది పూతను తినేస్తుంది. తొలి దశలో విప్పి తుడిపిస్తే పోతుంది గానీ, పూత తినేశాక ఎంత తుడిచినా మచ్చ పోదు. దీపానికి ఎదురుగా తీసిన ఫొటోల్లో వెలుగు పొగలా పరుచుకుంటుంది. డబ్బు చేతులు మారక ముందే ఈ ఒక్క నిమిషం పని చెయ్యండి.

కొత్తది కొనేవాళ్లకు బిల్లు విషయం. యానాంలో పెట్రోలు ధర వేరు, మందు ధర వేరు అని అందరికీ తెలుసు. కెమెరాకి ఆ లెక్క లేదు. జీఎస్టీ దేశమంతా ఒకటే. డిజిటల్ కెమెరాల మీద 28 శాతం ఉన్నది 2019 జనవరి 1 నుంచి 18 శాతానికి తగ్గింది, అది కాకినాడలోనైనా పుదుచ్చేరిలోనైనా అంతే. కాబట్టి ఎవరైనా మరీ తక్కువకి ఇస్తానంటే బిల్లు లేకుండానో, మన దేశపు వారంటీ లేకుండానో ఇస్తున్నారని అర్థం. వారంటీ కార్డు చదవండి కూడా. నీళ్లకు తట్టుకుంటుందని ప్రకటనలో ఉన్న కెమెరాకి సైతం, నీళ్లు దిగితే వారంటీ వర్తించదని కార్డులో మామూలుగా రాసే ఉంటుంది.

ఇక అసలు శత్రువు చెమ్మ. గాలిలో తేమ 60 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే ఫంగస్‌కి పండగే. వానాకాలమంతా మా ఇళ్లలో తేమ ఆ గీతకి పైనే ఉంటుంది. కెమెరా ఉండవలసింది 40 నుంచి 50 శాతం మధ్య. మరీ 30 లోపుకి దించితే గ్రీజు, రబ్బరు ఎండిపోతాయి. దీనికి కరెంటుతో పనిచేసే డ్రై క్యాబినెట్లు ఉన్నాయి. వృత్తిలో ఉన్నవాళ్లు కొనుక్కోవడమే మేలు. ఆ స్తోమత లేకపోతే రబ్బరు అంచు ఉండి గట్టిగా బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, తేమ చూపించే చిన్న మీటరు ఒకటి, సిలికా జెల్ పావుకిలో చాలు. మొత్తం కొన్ని వందల రూపాయలు. జెల్ ఆరెంజి రంగుది తీసుకోండి. నీలం రంగుదానిలో ఉండే కోబాల్ట్ ఆరోగ్యానికి మంచిది కాదు. రంగు మారిందంటే నీళ్లు పీల్చి నిండిపోయిందని అర్థం. వంటకి వాడని మూకుడులో, కిటికీలు తీసి, సన్నటి సెగ మీద పాత రంగు తిరిగొచ్చేదాకా వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది.

బియ్యం డబ్బాలో కెమెరా పెట్టకండి. బియ్యం పీల్చే తేమ స్వల్పం, దాని పొడి మాత్రం రింగుల్లోకి దిగుతుంది. తోలు కవర్లు, స్పాంజి బ్యాగులు మోసుకెళ్లడానికే గానీ దాచడానికి కాదు, చెమ్మని పట్టి ఉంచుతాయి. ఎర్రటెండలో ఆరబెట్టడమూ వద్దు. అద్దాలని పట్టి ఉంచే జిగురు ఆ వేడికి సడలుతుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని మన ఇళ్లలో లెన్స్ డబ్బా దగ్గర కూడా అంత పట్టింపు ఉంటే చాలు. అన్నిటికంటే మంచి మందు వాడకం. వారానికి ఒకసారైనా బయటకి తీసి, వెలుతురు చూపించి, నాలుగు ఫొటోలు తియ్యండి.

పెళ్లిళ్లు తీసేవాళ్లకి ఇంకో బెడద ఉంది. ఏసీ హాల్లోంచి ఊరేగింపు కోసం బయటకి రాగానే లెన్స్ మీద మంచు కమ్మేస్తుంది. చల్లటి అద్దానికి తేమగాలి తగలడమే కారణం. చొక్కాతో తుడుస్తూ కూర్చుంటే మళ్లీ కమ్ముతుంది, లోపలి అద్దాలకి పట్టింది తుడవడానికి అందదు కూడా. ఊరేగింపు కదలడానికి అరగంట ముందే బ్యాగు జిప్పు వేసి, కెమెరాను అందులోనే ఉంచి బయట పెట్టెయ్యండి. నెమ్మదిగా బయటి వేడికి వస్తుంది. ఆ తొందరలో లెన్స్ మాత్రం విప్పొద్దు. విప్పితే తడి సెన్సర్ మీదకే చేరుతుంది.

పడవ మీద మడ అడవుల్లోకి వెళ్లి వచ్చినా, యానాం బీచి గట్టు మీద సాయంత్రమంతా నిలబడి తీసినా, ఇంటికి రాగానే మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీ, లెన్స్ గొట్టం తుడవండి. వెంటనే పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. ఉప్పు గాలిలోని తేమను లాక్కుని స్క్రూలని, ఫ్లాష్ బిగించే హాట్ షూని తుప్పు పట్టిస్తుంది. అద్దం మీద ముందు బ్లోయర్‌తో ఊది దుమ్ము పోగొట్టాకే గుడ్డ తగలాలి. ఇసుక రేణువు ఉండగా రుద్దితే గీత పడుతుంది. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. ఫంగస్‌కి కావలసింది అదే. ఉప్పునీళ్లలో పడితే వెంటనే బ్యాటరీ తీసెయ్యండి. పని చేస్తోందో లేదో అని ఆన్ చేసి చూడకండి, అదే రోజు మెకానిక్ దగ్గరకి తీసుకెళ్లండి. వాడని రోజుల్లో బ్యాటరీలను సగం ఛార్జితో బయటే ఉంచండి. ఉబ్బినదాన్ని మళ్లీ కెమెరాలో పెట్టొద్దు.

కెమెరా పోతే మళ్లీ కొనుక్కుంటాం, ఫొటో పోతే ఎక్కడ కొంటాం? ఈ మాట మా ఊరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1839 ఆగస్టు 19న ఫ్రాన్సు ప్రభుత్వం డగేర్ కనిపెట్టిన ఫొటో పద్ధతిని లోకమంతటికీ వెల్లడించింది. అప్పుడు యానాం ఫ్రెంచివారిదే. అదే ఏడాది నవంబరు 25న ఉప్పెన మన పక్కనున్న కోరంగి రేవుని ముంచేసింది. పారిస్‌లో అప్పుడే పుట్టిన విద్య ఇక్కడికి చేరే వీల్లేదు కనుక ఆ రేవు ముఖం మనకి మిగల్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను నాటికి ఇంటింటా ఆల్బమ్‌లు ఉన్నాయి. తడిసిన ప్రింట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదియ్యబోతే ముఖాలు ఊడి రావడం నేను చూశాను. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి, యానాం వీధుల్లోకి నీళ్లొచ్చినప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఎన్నో ఫొటోలు తీశాం. ఆ ఫోన్లు మార్చేసినవాళ్లని అడగండి, ఆ ఫొటోలు ఎంతమంది దగ్గర ఉన్నాయో.

పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి మనకి బాగా సరిపోతుంది. ప్రతి ఫొటోకీ మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా. ఆ మూడో కాపీయే వరద ఊళ్లకి ప్రాణం. కాకినాడలోనో రాజమండ్రిలోనో ఉన్న అక్కాబావల ఇంట్లో ఒక హార్డ్ డిస్కు పెట్టండి, లేదా క్లౌడ్‌లో పెట్టండి. మెమరీ కార్డు ఖరీదు దగ్గర పిసినారితనం వద్దు, వృథా ఖర్చూ వద్దు. 100 ఎంబీపీఎస్ 4కే వీడియోకి సెకనుకి 12.5 ఎంబీ రాసే వేగం కావాలి. వీ30 అని ముద్ర ఉన్న కార్డు కనీసం 30 ఎంబీ రాస్తుంది. దొంగ కార్డులు చాలా తిరుగుతున్నాయి కనుక కొన్న రోజే మొత్తం నింపి చూడండి. రెండు కాపీలు పడ్డాయని కళ్లారా చూశాకే, కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యండి.

ఇదంతా ఎవరికివారు చేసుకోగలిగినది. ఊరు కలిసి చేసుకోవలసినదీ ఒకటుంది. యానాంలో ఏటా జనవరిలో ప్రజా ఉత్సవాలు జరుగుతాయి, పూల ప్రదర్శనకి ఊరంతా వస్తుంది. అక్కడే ఒక స్టాల్ పెట్టి, పాత ఫొటోలు తెచ్చుకున్నవాళ్లకి స్కాన్ చేసి పెన్‌డ్రైవులో వేసి ఇవ్వాలని యానాం పరిపాలనాధికారులను కోరుతున్నాను. స్కానరు, కంప్యూటరు, ఇద్దరు మనుషులు చాలు. ఇంటివాళ్లు ఒప్పుకున్నవాటి నకళ్లు పుదుచ్చేరిలో ఒక ప్రభుత్వ గ్రంథాలయంలోనూ ఉంచాలి. యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడిన 1954 నాటి ఫొటోలు మన ఇళ్లలో ఇంకా ఉండే ఉంటాయి. ఇంకో పదేళ్లు ఆగితే చెమ్మ వాటిని మిగల్చదు. ఆ స్టాల్ పక్కన బల్ల వేసి, టార్చి పట్టుకుని, ఎవరు లెన్స్ తెచ్చినా డబ్బు తీసుకోకుండా చూసిపెట్టే పని నాది. యానాంలో స్టూడియోలు నడిపే అన్నదమ్ములు కూడా వచ్చి కూర్చుంటారని నమ్ముతున్నాను.