డబ్బిచ్చి పిలిచి ఓడారు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో పెద్ద జట్లు సీజన్ ఆరంభంలో చిన్న జట్లను డబ్బిచ్చి మరీ పిలిపించుకుంటాయి, సులువుగా ఒక గెలుపు ఖాతాలో వేసుకోవడానికి. 2007 సెప్టెంబరు 1న అయిదో ర్యాంకు మిషిగన్ అలాగే అపలాచియన్ స్టేట్‌ను పిలిచి, సొంతగడ్డపై 34-32తో ఓడింది. అద్భుతమన్నారంతా, మేం అనం. కండబలంలో సరితూగలేమని ఎరిగిన అపలాచియన్ కోచ్ జెర్రీ మూర్ ఆటను మైదానం వెడల్పునా పరిచాడు, క్వార్టర్‌బ్యాక్ అర్మాంటీ ఎడ్వర్డ్స్ కాళ్ల వేగాన్ని నమ్ముకున్నాడు. విరామానికే 28-17 ఆధిక్యం! చివరి క్షణాల్లో మిషిగన్ ఫీల్డ్ గోల్‌ను కోరీ లించ్ అడ్డుకోవడంలో అదృష్టం పాలూ ఉందనుకోండి. కానీ అంతకుముందు రెండేళ్లూ తమ స్థాయిలో చాంపియన్లు వాళ్లే. పిలిచేముందు మిషిగన్ కాస్త ఆరా తీయాల్సింది.