అనుమతి ఉంది, ఫైలే లేదు

చూపులేని పాఠకులు తెలుగు పుస్తకం చదవడానికి ఒకప్పుడు రెండు అడ్డంకులుండేవి. ఒకటి కాపీరైట్, రెండోది అచ్చు కోసం తయారయ్యే ఫైలు. మొదటిది తొలగింది. రెండోది ఇంకా అలాగే ఉంది.

పుస్తకాన్ని బ్రెయిలీలోకో, ఆడియోలోకో మార్చాలంటే పూర్వం హక్కుదారు అనుమతి కావలసి వచ్చేది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి 52(1)(జెడ్‌బి) నిబంధన చేర్చడంతో ఆ అవసరం తీరిపోయింది. వైకల్యం వల్ల మామూలు ప్రతిని చదవలేనివారి కోసం ఎవరైనా అనువైన ప్రతి తయారుచేయవచ్చు. ఆ పని చేసే సంస్థలు లాభం చూసుకోకూడదు, తయారీ ఖర్చు వరకే తీసుకోవాలి, ఆ ప్రతులు మార్కెట్లోకి పోకుండా చూసుకోవాలి. 2013 జూన్‌లో మొరాకోలోని మరాకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఈ వెసులుబాటును సరిహద్దులు దాటించింది. దాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది భారతదేశమే. 2016 సెప్టెంబరు 30న అది అమల్లోకి వచ్చింది. అమెరికా 2019లో చేరింది. కాబట్టి హైదరాబాదులో తయారైన తెలుగు ప్రతిని అమెరికాలోని అంధ పాఠకులకు చట్టబద్ధంగానే పంపవచ్చు.

పంపడానికి పనికొచ్చే ప్రతి తయారవడమే కష్టం. అంధులు కంప్యూటర్నీ ఫోన్‌నీ స్క్రీన్ రీడర్‌తో వాడతారు. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉచితంగా దొరుకుతాయి, తెలుగునూ చదివి వినిపిస్తాయి. అయితే అవి అక్షరం ఆకారాన్ని చూడవు, దాని వెనకున్న కోడ్‌ను చదువుతాయి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉంది. మన డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి వాడుతున్న అను వంటి పాత ఫాంట్ల సంగతి వేరు. వాటిలో తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చారు. తెరమీద, కాగితంమీద చక్కటి తెలుగే కనిపిస్తుంది. స్క్రీన్ రీడర్ మాత్రం పొంతనలేని ఇంగ్లిషు అక్షరాలను వరసగా వల్లిస్తుంది. ఆ ఫైలు నుంచి తీసిన పీడీఎఫ్‌దీ అదే గతి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఆ తరవాత మనిషి కూర్చుని తప్పులు దిద్దక తప్పదు.

స్కాన్ చేసిన పుస్తకమైతే అందులో కోడ్ అసలే ఉండదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఎక్కించిన పాత తెలుగు పుస్తకాలు పేజీల ఫొటోలే. బొమ్మలోంచి అక్షరాలను రాబట్టే ఓసీఆర్ తెలుగులో మెరుగుపడింది గానీ ప-వ, ఘ-ఫ-ష దగ్గరా, ఒత్తుల దగ్గరా ఇంకా తడబడుతుంది. పాత అచ్చులో ఒక చిన్న గీత చెరిగితే చాలు, ‘పాడు’ కాస్తా ‘వాడు’ అవుతుంది. చూపున్నవారు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. పేజీకి పది చోట్ల ఇలాగైతే వినేవారికి వాక్యమే చిక్కదు. కాపీరైట్ తీరిన పుస్తకాలను తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు పేజీ పేజీ సరిచూసి యూనికోడ్‌లో పెడుతున్నారు. ఆ ఓపికతో కొత్త పుస్తకాలన్నిటినీ మార్చడం ఎవరివల్లా కాదు.

ప్రభుత్వాల తీరూ ఇంతే. సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి వెబ్‌సైట్లో పెట్టిన ఉత్తర్వు అంధ ఉద్యోగికి తెల్లకాగితంతో సమానం. డిజిటల్ సమాచారం అందరికీ అందేలా చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ఆ చట్టం కింద వచ్చిన నియమాల్లోని 15వది ప్రమాణాలను సలహాల స్థాయిలోనే ఉంచిందంటూ 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో ప్రజ్ఞా ప్రసూన్ కేసులో తేల్చింది.

ఇక మిగిలిన పని ప్రచురణకర్తలది. పుస్తకాన్ని మొదటినుంచీ యూనికోడ్‌లోనే కంపోజ్ చేయించాలి. అధ్యాయాల శీర్షికలకు గుర్తులు, బొమ్మలకు వివరణలు చేర్చి ఈపబ్ అనే ఈ-పుస్తక రూపంలో ప్రతి కూడా తీయించాలి. అంధుల కోసం పనిచేసే గ్రంథాలయాలు అడిగినప్పుడు దాన్ని ఇవ్వాలి. ఫైలు ఇస్తే దొంగప్రతులు పుడతాయన్న భయం నిలవదు. దొంగ ముద్రాపకుడికి ఫైలు అక్కర్లేదు, అచ్చు పుస్తకమూ ఒక స్కానరూ చాలు. ఫైలు దాచుకుంటే నష్టపోయేది చట్టం హక్కు ఇచ్చిన పాఠకులు మాత్రమే. ప్రజాధనంతో కొనే పుస్తకాలకు, పాఠ్యపుస్తకాలకు యూనికోడ్ ఫైలు తప్పనిసరని రెండు తెలుగు రాష్ట్రాలూ షరతు పెడితే చాలు, ఈ మార్పుకు కొత్త చట్టం అవసరం లేదు.