వాహనమునకు మ్రోత అలంకారమా?

యుక్తవయస్సు వచ్చుచున్న ప్రతి బాలుని మనస్సులోను ఒక వాహనము ఉండును. అది ఇంకను కొనబడలేదు. అనేకుల విషయమున ఎన్నటికిని కొనబడకపోవచ్చును. అయినను దాని రంగు, దాని చక్రములు, దాని మ్రోత వానికి కంఠోపాఠములు. ఉపాధ్యాయుని కన్నుగప్పి నోటుపుస్తకపు చివరి పుటలో వాడు గీసికొన్న బొమ్మ అదియే. ఆ బొమ్మను కొంచెము ఓపికతో పరిశీలించినచో అందు రెండు కోరికలు కనబడును. మొదటిది, దూరము పోవలెనన్న కోరిక. రెండవది, తాను పోవుచున్న సంగతి పదిమందికి వినబడవలెనన్న కోరిక. ఈ రెండును ఒకటే యని వాడు నమ్మును. కావని చెప్పుట పెద్దల బాధ్యత. కాని గద్దించుటచేత అది సాగదు. గద్దింపు కూడ ఒక మ్రోతయే గదా! నిదర్శనము చూపవలెను. అట్టి నిదర్శనము మన నేలయందే కలదు. అది శ్రీహరికోట.

చెన్నై నుండి నెల్లూరు వైపు సాగు రాజమార్గమున సూళ్ళూరుపేట కడ తూర్పునకు మరలినచో, పులికాటు సరస్సును చీల్చుకొని పోవు బాట ఒకటి కనబడును. శీతకాలమున ఆ బాటకు ఇరువైపుల నీటిలో ఫ్లెమింగో పక్షులు ఒంటికాలిపై నిలిచి ధ్యానము చేయుచున్నట్లుండును. ఆ బాట చివర, సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ ఉన్న దీవి శ్రీహరికోట. చిరకాలము నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతము 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరినది. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న పరిశోధక రాకెట్టు ఇచటినుండి మొదటిసారిగా ఎగసినది. నేడు ఈ దేశమున అన్నిటికంటె బిగ్గరగా మ్రోగెడి వాహనము, అన్నిటికంటె దూరము పోవు వాహనము బయలుదేరు రేవు ఇదియే. బాలుని బొమ్మలోని రెండు కోరికలును ఇచట ఒక్కటిగా తీరినట్లే తోచును. కాని లోతునకు దిగి చూచినచో సంగతి వేరుగా ఉన్నది.

2023 జూలై 14వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు చంద్రయాన్-3ను మోసికొని ఎల్.వి.ఎం.-3 రాకెట్టు ఈ దీవినుండి లేచినది. దాని ఎత్తు 43.5 మీటర్లు; బరువు సుమారు 640 టన్నులు. అట్టి రాకెట్టు లేచునపుడు దూరమునుండి చూచువారికి మొదట వెలుగు కనబడును. కొంతసేపటికి గాని మ్రోత వచ్చి చేరదు. చేరినపుడు చెవులకంటె ముందు రొమ్ము అదరును. అయితే ఆ ఆర్భాటము ఎంతసేపు? సుమారు పదునారు నిమిషములకు చంద్రయాన్ రాకెట్టునుండి విడివడినది. అంతటితో రాకెట్టు పని ముగిసినది. అటుపిమ్మట చంద్రుని చేరి దిగుటకు నలుబది దినములు పట్టినది. నడుమనడుమ చిన్న ఇంజనులు వెలిగినవి, ఆరినవి. గాలి లేని ఆ మార్గమున వాటి చప్పుడును వినుటకు వీలులేదు. కావున శ్రీహరికోటలో వినబడు మ్రోత ప్రయాణపు మ్రోత కాదు. బయలుదేరుటకు భూమికి చెల్లించు సుంకము మాత్రమే. ప్రయాణమంతయు మౌనముగానే సాగినది.

ఇంత సంరంభమును ఏమి మోసికొనిపోవుటకు? చంద్రయాన్-3లో విక్రమ్ అను దిగుడు వాహనము కలదు. దాని కడుపులో ప్రజ్ఞాన్ అను చిన్న బండి కలదు. 2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువమునకు చేరువగా దిగినది. పిదప ప్రజ్ఞాన్ బయటకు వచ్చినది. దానికి ఆరు చక్రములు. బరువు 26 కిలోలు. సూర్యకాంతినుండి అది పొందు విద్యుత్తు 50 వాట్లు. వేగము సెకనుకు ఒక్క సెంటీమీటరు. పల్లెబాటలోని ఎద్దుబండి సైతము దానిని అవలీలగా దాటిపోగలదు. చంద్రునిపై ఒక పగలు భూమిపై సుమారు పదునాలుగు దినములు; ఆ పగటిలో అది నడచినది నూరు మీటర్లకు కొంచెము ఎక్కువ. కాని ఆ నడకలోనే అచటి మట్టిలో గంధకము కలదని కనుగొన్నది. 640 టన్నుల వాహనము మ్రోగినది. మట్టిని గూర్చిన ఆ వార్తను పంపినది 26 కిలోల మూగబండి. దూరపు ప్రయాణమునకు తగిన స్వప్నవాహనము ఏది యని ఏ బాలుడైనను అడిగినచో, ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూపవలెను.

మ్రోత రాకెట్టు శక్తికి గుర్తు గదా యని కొందరు వాదింపవచ్చును. రాకెట్టును నిర్మించువారు అట్లు తలపరు. వారికి మ్రోత శత్రువు. మహావేగముతో వెలువడు వాయువులు బయటి గాలితో ఒరసికొనుటచే ఆ ధ్వని పుట్టును. అది నేలను తాకి మరలి వచ్చి రాకెట్టునే తాకును. లోపలనున్న సున్నితమైన పరికరములను అదరగొట్టి చెడగొట్టగలదు. అందుచేతనే పెద్ద ప్రయోగవేదికలపై నీటిని కుమ్మరించి ఆ ధ్వనిని అణచు ఏర్పాట్లు పలుదేశములలో చేసికొన్నారు. ఉపగ్రహమును సైతము ముందుగా ధ్వనిమందిరమున నిలిపి, అంతటి మ్రోతకు తట్టుకొనునో లేదో పరీక్షింతురు. బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌లో అట్టి మందిరము కలదు. తప్పనిసరియైన మ్రోతను కూడ తగ్గింపవలెనని వీరు ఇంత శ్రమపడుచుండగా, తగ్గియున్న మ్రోతను పెంచుకొనుటకు వీథిలోని యువకుడు సైలెన్సరును విప్పించుచున్నాడు! వట్టి గొడ్డుకు అరుపులెక్కువ యన్న సామెత పుట్టిన నాటికి మోటారు ఇంజనులు లేవు. ఉన్నను ఆ సామెతలో ఒక్క అక్షరము మార్చవలసిన పని ఉండెడిది కాదు.

మోటారు శాస్త్రము చెప్పునదియు ఇదియే. ఇంజనులో కాలిన ఇంధనపు శక్తిలో పెద్దభాగము వేడిగా పోవును. చక్రములకు చేరునది కొంతయే. చెవిని పగులగొట్టు చప్పుడులో ఉండు శక్తి మిక్కిలి స్వల్పము. కావున చప్పుడు పెరిగినంత మాత్రమున బండికి బలము పెరుగదు. పందెపు కారులలో పొగగొట్టమును మార్చుట కలదు. కాని అచట ఇంజను, ఇంధనము, చక్రములు, ఆపు సాధనములు అన్నియు ఒకదానికొకటి పొందునట్లు మార్తురు. పందెము జరుగు చోటు కూడ వేరు. ఇంజనును ఉన్నదున్నట్లుంచి సైలెన్సరును మాత్రము తీసివేయుట, చదువు మాని పట్టా చట్రమును గోడకు తగిలించుకొనుట వంటిది. బండికి సైలెన్సరు ఉండి తీరవలెనని మోటారు వాహనముల నిబంధనలును శాసించుచున్నవి.

మ్రోతలో ఆనందము లేదా యని మరియొక ప్రశ్న. లేకేమి? చెంగాళమ్మ తిరునాళ్ళలో డప్పు మ్రోగినపుడు సూళ్ళూరుపేట అంతయు పులకించును. తిరుమల బ్రహ్మోత్సవములలో మేళము వినని చెవి చెవియే కాదని తలచువారు కలరు. కాని ఆ మ్రోత అందరిది. దానికొక వేళ కలదు, ఒక హద్దు కలదు. అది రమ్మని పిలుచు మ్రోత. అర్ధరాత్రి వీథివెంట పోవు బండి మ్రోత తప్పుకొమ్మని తరుము మ్రోత. దానిపై కూర్చున్నవానికి అది సంబరము. బాలింతకు, రోగికి, పరీక్షకు చదువుకొను పిల్లకు అది శిక్ష.

శ్రీహరికోటనే రాకెట్టులకు స్థానముగా ఏల ఎన్నుకొన్నారో ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. తూర్పున అంతులేని సముద్రము, జనావాసము తక్కువ. రాకెట్టు గతి తప్పినను, దాని భాగములు రాలిపడినను మనుష్యులకు హాని కలుగకూడదన్నది ఆ ఎన్నికలోని ముఖ్యమైన ఆలోచన. దేశపు మహావాహనమునే జనమునకు దూరముగా, నీటి అంచునకు తీసికొనిపోయి నడుపుచున్నారు. అయినను ఆ దీవిలో తరతరములుగా అడవినీ సరస్సునూ నమ్ముకొని బ్రతికిన యానాదులు తమ చోటు విడువవలసివచ్చినది. ఎంతటి ఘనకార్యమైనను తన భారమును ఎవరో ఒకరిపై మోపుననుటకు అది గుర్తు. ఆ ఋణమును దేశము మరువరాదు. దేశకార్యమునకే ఇంతటి లెక్క ఉండగా, ఒక్కని వేడుక ఊరందరి నిద్రను ఏ లెక్కన తీసికొనవలెను?

వాహనబలమునకు పరీక్ష పోవుటలో కన్న ఆగుటలో ఎక్కువగా కలదు. 2019 జూలై 15వ తేదీ తెల్లవారుజామున చంద్రయాన్-2 బయలుదేరవలసియుండెను. దేశమంతయు మేలుకొని చూచుచున్నది. ఇంక 56 నిమిషములే మిగిలియుండగా సాంకేతికమైన లోపము కనబడినది. ప్రయోగమును ఆపివేసిరి. లోపమును సరిచేసి జూలై 22న పంపిరి. ఆ వాహనము సెప్టెంబరులో చంద్రుని చెంతకు చేరి, దిగునపుడు దెబ్బతిన్నది; ఆ దెబ్బనుండి నేర్చిన పాఠములే చంద్రయాన్-3ను క్షేమముగా దింపినవి. ప్రజ్ఞాన్ సైతము 2023 ఆగస్టు 27న తనకు మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పుగల గొయ్యి ఉన్నట్లు చూపగా, వచ్చిన దారినే మరలుమని ఆజ్ఞాపించిరి. అది మరలినది, వేరొక దారిని క్షేమముగా సాగినది. రాజమార్గమున వందల కిలోమీటర్లు పోదలచినవాడు మొదట నేర్వవలసిన విద్య ఇదియే. కన్నులు బరువెక్కినపుడు బండి ఆపుట, వాన ముసిరినపుడు వేగము తగ్గించుట, దారి తప్పినపుడు మరలుట అవమానములు కావు. ఆపు సాధనములు, చక్రముల పట్టు, దీపములు, నడుపువాని నిద్ర ఇవియే దూరయాత్రకు నిజమైన బలములు. వీటిలో ఏ ఒక్కటియు మ్రోగదు.

పనిని బట్టి వాహనము గాని, వాహనమును బట్టి పని కాదు. ఇందుకు ఒక చక్కని ఉదంతము కలదు. ఆపిల్ అను ప్రయోగాత్మక సమాచార ఉపగ్రహమును పరీక్షించునపుడు, లోహపు వాహనముపై నుంచినచో పరీక్షకు ఆటంకము కలుగునని తలచి, శాస్త్రజ్ఞులు దానిని ఎద్దుబండిపై నిలిపిరి. ఆ చిత్రమును చూచి నవ్వినవారును ఉన్నారు. 1981 జూన్ 19న ఐరోపావారి ఏరియాన్ రాకెట్టుపై ఆపిల్ ఆకాశమున కెక్కినది. ఎద్దుబండి ఎక్కుటకు సిగ్గుపడనివారే ఆకాశమున కెక్కగలిగిరి.

మ్రోత యంత్రములకే కాదు, మనుష్యులకును కలదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు లేచి, లోపల ఒక కవాటము సరిగా పనిచేయనందున సముద్రము పాలైనది. ఆ పథకమునకు నాయకుడు అబ్దుల్ కలాం. అయినను నాడు విలేఖరుల యెదుట నిలిచి ఓటమి బాధ్యతను వహించినవాడు సంస్థాధ్యక్షుడైన సతీశ్ ధవన్. 1980 జూలై 18న అదే తరగతి రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినపుడు ఆయన వెనుకకు తగ్గి, విలేఖరులతో మాట్లాడుటకు కలాంను పంపెను. నింద వచ్చినపుడు ముందుకు, కీర్తి వచ్చినపుడు వెనుకకు నిలిచిన మనుష్యుడాయన. 2002లో శ్రీహరికోట కేంద్రమునకు ఆయన పేరే పెట్టిరి. నిండుకుండ తొణకదనుటకు పిల్లలకు ఇంతకంటె మంచి ఉదాహరణ వెదుకనక్కరలేదు.

కావున ఉపాధ్యాయులు ఆ చివరి పుటలోని బొమ్మను చింపవద్దు. దూరము పోవలెనన్న కోరిక మంచిది. అది లేనివానికి చదువు చెప్పుట కష్టము. యంత్రమును విప్పి చూడవలెనను కుతూహలము మరింత మంచిది. అందులోనుండియే రేపటి శిల్పులు వత్తురు. బొమ్మ గీసిన బాలుని చెంతకు పిలిచి మూడు ప్రశ్నలు అడిగిన చాలును. ఈ బండిలో ఎంత దూరము పోదువు? ఏమి మోసికొని పోదువు? ఎచట ఎట్లు ఆపుదువు? వీటికి సమాధానము వెదకుచు వాడు బొమ్మను మరల గీయును. ఈమారు పొగగొట్టము చిన్నదగును. చక్రములు, దీపములు, ఆపు సాధనములు సరిగా కుదురును. ఆ బొమ్మ ప్రక్కన ఆరు చక్రముల చిన్నబండిని కూడ గీయుమని చెప్పవలెను. అది శ్రీహరికోటనుండి బయలుదేరినదనియు, దాని చక్రముల జాడలు నేటికిని చంద్రుని మట్టిలో ఉన్నవనియు చెప్పవలెను.