వీధి లేని వీధి తిండి

పోయిన చలికాలం ఒక శనివారం సాయంత్రం మేం ఐదుగురం కలిసి హైదరాబాద్‌లో ఒక స్ట్రీట్ ఫుడ్ ఫెస్టివల్‌కి వెళ్ళాం. తలా 199 రూపాయల టికెట్టు. లోపల డబ్బులు చెల్లవు, కార్డు తీసుకోవాలన్నారు. అందులో రెండు వేలు వేయించాం. మూడు గంటల్లో పదకొండు రకాలు రుచి చూశాం. ఒకడు క్యూలో, ఒకడు టేబుల్ దగ్గర కాపలా, మిగతా ముగ్గురం తర్వాతి స్టాల్ వెతుకులాటలో. ప్లేటు రాగానే ముందు ఫొటో, ఆ తర్వాత ఐదు చెక్క చెంచాలు. ఒక స్టాల్లో నూట ఇరవై రూపాయలకి పునుగులిచ్చారు. లెక్కపెడితే నాలుగున్నాయి. ఒకదాన్ని రెండు ముక్కలు చేసి సర్దుకున్నాం. నవ్వుకున్నాం కూడా. అబద్ధమెందుకు, ఆ సాయంత్రం సరదాగానే గడిచింది.

రాత్రి పదిన్నరకి బయటికొచ్చాక ఒకడు మెల్లగా అన్నాడు: "ఆకలేస్తోందిరా."

అందరికీ వేస్తోంది. పదకొండు రకాలు నోట్లో పెట్టుకుని, మూడు వేలు వదిలించుకుని, ఐదుగురం ఆకలితో రోడ్డు మీద నిలబడ్డాం. ఇంకేముంది, మా హాస్టల్ సందు మొదట్లో జొన్నరొట్టెల అక్క ఉంటుంది కదా అనుకున్నాం. ముప్ఫై రూపాయలకి రొట్టె, దాంతోపాటు పప్పో, వంకాయ కూరో, పచ్చిమిరపకాయ తొక్కో. రెండు రొట్టెలు తింటే పొద్దున దాకా ఇంకేం అక్కర్లేదు.

వెళ్ళి చూస్తే బండి లేదు. పొయ్యి కోసం పెట్టుకున్న మూడు ఇటుకలు, వాటి పక్కన నల్లటి మరక ఉన్నాయి. పాన్ డబ్బా ఆయన్ని అడిగాం. "బుధవారం పొద్దున లారీ వచ్చింది గదా, మీరు చూడలేదా?" అన్నాడు.

చూడలేదు. బుధవారం పోయింది, గురువారం పోయింది, శుక్రవారం పోయింది. వారంలో నాలుగు రోజులు ఆమె దగ్గర తినేవాళ్ళం మాలో ఇద్దరున్నారు. అందులో ఒకణ్ణి నేనే. ఆ మూడు రోజులూ మేం గ్రూపులో ఏం చేస్తున్నాం? ఫెస్టివల్లో ఏ స్టాల్‌కి ముందు వెళ్ళాలో లిస్టు రాసుకుంటున్నాం.

ఆ ఫెస్టివల్ కోసమే ఆ లారీ వచ్చిందని నేను అనను. నిర్వాహకులకి మా అక్క ఎవరో కూడా తెలియదు. కానీ రెండింటి వెనకా ఉన్న కోరిక ఒకటే అంటాను. మనకి వీధి తిండి కావాలి, వీధి మాత్రం అక్కర్లేదు. అంటే దుమ్ము, ఎండ, పక్కన నిలబడి తినే తెలియని మనిషి, ఆ బండి మీద బతికే కుటుంబం, ఇవేవీ అక్కర్లేదు. వీటన్నిటినీ గేటు బయట వదిలేసి, మిగిలినదాన్ని లోపల రంగు లైట్ల కింద పెట్టి అమ్ముతున్నారు. మనం కొంటున్నాం.

బండి అంటే ఏమిటో ఒకసారి చూడండి. సాయంత్రం ఐదున్నరకి ఆమె జొన్నపిండిలో వేడినీళ్ళు పోసి కలుపుతుంది. ముద్ద తీసుకుని రెండు అరచేతులతో తట్టి పెనం మీద వేస్తుంది. పైన తడిగుడ్డతో అద్దుతుంది. తిప్పుతుంది. చివర్లో నేరుగా మంట మీద పెడితే రొట్టె పొంగుతుంది. ఆరేళ్ళుగా రోజూ ఇదే పని. తినేవాళ్ళు ఎవరు? హాస్టల్ పిల్లలు, నైట్ డ్యూటీకి వెళ్ళే సెక్యూరిటీ వాళ్ళు, భుజాన సంచితో డెలివరీ కుర్రాళ్ళు, ఆటోవాళ్ళు, షుగర్ ఉందని అన్నం మానేసిన మధ్యతరగతి పెద్దలు. నెలాఖరులో నా దగ్గర డబ్బుల్లేకపోతే "ఒకటో తారీకు ఇయ్యి తమ్మీ" అనేది. రెండో రొట్టె అడక్కపోతే, "ఏమైంది, పానం బాగలేదా?" అనేది. అదే జొన్నరొట్టె ఫెస్టివల్లోనూ ఉంది. అరచేతి వెడల్పున చేసి, మడిచి, మధ్యలో పనీర్ పెట్టి 'మిల్లెట్ టాకో' అన్నారు. రెండు వందల ఇరవై. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచీ మన ఊళ్ళో జొన్నకి గౌరవం బాగా పెరిగింది. జొన్నరొట్టె తట్టే మనిషికి మాత్రం పెరగలేదు.

రుచి చూడటం వేరు, తినటం వేరు. మన భాషలోనే ఆ తేడా ఉంది. పెళ్ళిలో వంటవాడు గరిటెతో అరచేతిలో వేసి ఉప్పు చూడమంటాడు. అది రుచి చూడటం. ఆకలేసి, కూర్చునో నిలబడో, కడుపులో పడేదాకా తినటం వేరే పని. ఆ ఫెస్టివల్లో ఎవరూ ఆకలితో వచ్చినట్టు నాకు కనిపించలేదు. వచ్చినా తీరే ఏర్పాటు లేదు. అక్కడ అన్నీ సాంపిళ్ళే.

ఇక్కడ నా స్నేహితురాలి అభ్యంతరం చెప్పాలి, ఎందుకంటే అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "నువ్వు మగాడివి కాబట్టి బండి గురించి ఇన్ని కబుర్లు చెప్తున్నావ్. రాత్రి పదింటికి ఆ సందులో నిలబడి నేను రొట్టె తింటే ఎంతమంది చూస్తారో నీకు తెలుసా? ఫెస్టివల్లో లైట్లున్నాయి, బాత్రూం ఉంది, ఒక్కదాన్నే వెళ్ళినా ఎవడూ ఏమీ అనడు. నాకా మూడు గంటలు చాలు" అంది. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆమె చెప్పింది నిజం. కానీ తర్వాత ఇంకో విషయం తట్టింది. సాయంత్రం ఐదున్నర నుంచి రాత్రి పదకొండున్నర దాకా ఆ సందులోనే నిలబడిన ఇంకో ఆడమనిషి ఉంది కదా. ఆమెకీ బాత్రూం లేదు. పగటిపూట నీళ్ళు తక్కువ తాగుతానని ఒకసారి మామూలుగా చెప్పింది, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా. నా స్నేహితురాలికి కావలసినవీ, ఆ అక్కకి కావలసినవీ ఒకటే: వెలుతురు, నీళ్ళు, మరుగుదొడ్డి. వాటిని మూడు రోజులు ఒక మైదానంలో ఏర్పాటు చేసి టికెట్టు పెట్టగలిగిన నగరం, వీధిలో ఏడాది పొడవునా ఎందుకు ఏర్పాటు చేయలేదు?

మరి శుభ్రత మాటేమిటి అంటారు. ఇదీ న్యాయమైన ప్రశ్నే, కల్తీ నూనెనీ మురికి నీళ్ళనీ నేను వెనకేసుకురాను. కానీ శుభ్రత అంటే ఎత్తేయడమేనా? అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గరి దుకాణాలకి 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ 'క్లీన్ స్ట్రీట్ ఫుడ్ హబ్' గుర్తింపు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది ఇండోర్ ఛప్పన్ దుకాన్‌కీ వచ్చింది. ఉన్నచోటే వాళ్ళకి శిక్షణ ఇచ్చి, నీళ్ళూ చెత్త ఏర్పాట్లూ చూసి ఇచ్చే గుర్తింపు అది. కుళాయి ఇవ్వకుండా చేతులు కడుక్కోలేదని తిట్టడం ఏం న్యాయం?

ట్రాఫిక్ అంటారా? అక్క బండి నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. బండి పోయిన వారానికి అదే జాగాలో ఒక కారు పార్కు చేసి ఉంది. ఇప్పటికీ ఉంటోంది. దానికోసం ఏ లారీ రాలేదు.

చట్టం ఏమంటుందో నాకు అంతకుముందు తెలియదు. ఆ రాత్రి తర్వాత చదివాను. కాలిబాట మీద వ్యాపారం చేసుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని, దానికి హద్దులు పెట్టొచ్చుగానీ అసలు హక్కే లేదనడానికి వీల్లేదని 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. చేయించాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. పట్టుకెళ్ళిన సరుకులో పాడైపోయేవి అడిగిన రోజే, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. ఎంత మంచి చట్టమో! మా అక్కకి 30 రోజులు కాదు, 30 నిమిషాలు కూడా ఇవ్వలేదు. పెనం తిరిగి రావడానికి పదిహేను రోజులు పట్టింది. పిండి డబ్బా రానే లేదు.

2024 జనవరిలో మాదాపూర్ దగ్గర ఒక భోజనం బండి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రీల్స్ పుణ్యమా అని జనం విరగబడ్డారు, ట్రాఫిక్ పోలీసులు ఆపించారు, ముఖ్యమంత్రి స్వయంగా కలగజేసుకుని అక్కడే పెట్టుకోనివ్వమన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే భయమేస్తోంది. చట్టం ఉన్న చోట ఒక మనిషి బండి నిలబడటానికి వైరల్ కావాల్సి వచ్చింది. మా అక్క రీల్ ఎవరూ చేయలేదు.

యునెస్కో 2019లో హైదరాబాద్‌ని గ్యాస్ట్రానమీ నగరాల జాబితాలో చేర్చింది. ఫెస్టివల్ గేటు మీద ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉంది. గేటు లోపల ఈ ఊరి తిండి ఎంతుందో చూశాను. బోటీ లేదు, తలకాయ కూర లేదు, కళ్యాణి బిర్యానీ అసలే లేదు. ఒక స్టాల్ బోర్డు మీద మాత్రం కులం పేరు పెట్టి మరీ, ఆ ఇళ్ళ భోజనం అని రాసుకున్నారు. దాని ముందు క్యూ పొడుగ్గా ఉంది. వీధి అంత పవిత్రమైనదేం కాదు, అక్కడా కులం ఉంది. కానీ ఆకలేసినప్పుడు బండి దగ్గర రొట్టె తట్టిన చేతులది ఏ ఇల్లని అడగం. ఒక ప్లేటులో ఐదుగురం చేతులు పెట్టి ఎంగిలి పట్టించుకోకుండా తినే అలవాటు మాకు ఫెస్టివల్ నేర్పలేదు. బండి నేర్పింది.

ఫెస్టివల్స్ అన్నీ ఇలాగే ఉండక్కర్లేదు. దేశంలోని వీధి వ్యాపారుల సంఘాల సమాఖ్య నాస్వి ఢిల్లీలో జాతీయ స్ట్రీట్ ఫుడ్ ఫెస్టివల్ నడుపుతూ వచ్చింది. అందులో వండేవాళ్ళు రకరకాల రాష్ట్రాల నుంచి వచ్చిన వీధి వ్యాపారులే. సింగపూర్ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చిందంటే, అంతకు దశాబ్దాల ముందే ఆ ప్రభుత్వం వీధిలో వండేవాళ్ళకి కుళాయిలూ కాలవలూ ఉన్న శాశ్వత కేంద్రాలు కట్టి ఇచ్చింది కాబట్టి. అక్కడా వీధి పోయిందని బాధపడేవాళ్ళుంటారు. కానీ మనిషికి చోటు దొరికింది.

ఇక మన సంగతి, అంటే ఇలాంటి పత్రికలు చదివేవాళ్ళ, రాసేవాళ్ళ సంగతి. మనకి తిండి మీద వ్యాసం అంటే జ్ఞాపకమే. అమ్మమ్మ ఊరు, వాన, మిరపకాయ బజ్జీ, న్యూస్‌పేపర్ ముక్క మీద నూనె మరక. నేనూ రాశాను అలాంటిది, దాచను. ఆ వ్యాసంలో బజ్జీ ఉంది, వాన ఉంది, బజ్జీలు వేసినాయన లేడు. ఆయన రోజుకి ఎంత మామూలు కట్టేవాడో, వాన పడిన రోజు నష్టం ఎంతో నేనెప్పుడూ అడగలేదు. మన వ్యాసాల్లోంచి మనిషిని తీసేసి రుచిని మాత్రం ఉంచుకోవడానికీ, ఫెస్టివల్ చేసే పనికీ పెద్ద తేడా లేదు.

రెండు నెలల తర్వాత అక్క మళ్ళీ కనిపించింది. రెండు సందుల అవతల, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన. పాత బేరాలు సగం కూడా లేవంది. నేను తెలివిగా, "అక్కా, నువ్వు కూడా ఆ ఫెస్టివల్ల స్టాల్ పెట్టొచ్చు కదా, మంచిగ అమ్ముడుపోతది" అన్నాను. ఆమె రొట్టె తిప్పుతూ అంది: "మూడు దినాలు నేనాడికి పోతే, నాలుగో దినం ఈ జాగ నాకుంటదా తమ్మీ?"

ఫెస్టివల్స్‌కి వెళ్ళొద్దని నేను చెప్పను. వెళ్ళే ముందు నిర్వాహకుల్ని మూడు సంగతులు అడుగుదాం. ఇక్కడ వండుతున్నవాళ్ళలో రోజూ వీధిలో వండేవాళ్ళు ఎంతమంది? వాళ్ళ దగ్గర స్టాల్ అద్దె ఎంత తీసుకున్నారు? ఈ మూడు రోజులు ఇక్కడ ఉన్నందుకు వాళ్ళ అసలు జాగా పోకుండా ఎవరు చూస్తున్నారు? అలాగే మీరు రోజూ తినే బండి మనిషికి గుర్తింపు పత్రం ఉందో లేదో ఒకసారి కనుక్కోండి. లేకపోతే దరఖాస్తు రాసిపెట్టండి. మనకి రాయడం వచ్చు కదా. మేం అక్కది రాసి ఇచ్చాం. రసీదు ఇచ్చారు, పత్రం ఇంకా రాలేదు. రసీదుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, లారీ వస్తే చూపిస్తానని బండికి లోపలివైపు కట్టుకుంది.