పల్లెకు నడిచిన విలేకరి

కరవు వార్త రాయడం తేలిక. కార్యాలయంలో వర్షపాతం లెక్క తీసుకుని, ఎండిన చెరువు ఫొటో జతచేస్తే చాలు. ఆ కరవు పేరిట మంజూరైన సొమ్ము ఏ ఊరు చేరిందని అడగడమే కష్టం. ఆ ప్రశ్ననే వృత్తిగా చేసుకున్న విలేకరి పాలగుమ్మి సాయినాథ్.

1957లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి మనుమడు. 1980లో యు.ఎన్.ఐ. వార్తాసంస్థలో చేరారు. తర్వాత బొంబాయి 'బ్లిట్జ్' వారపత్రికలో పదేళ్లు పనిచేశారు. ఆ హోదా చాలునని కూర్చోలేదు. 1993లో ఒక ఫెలోషిప్ తీసుకుని దేశంలోని అతి పేద జిల్లాలకు బయలుదేరారు. రోడ్డు లేనిచోట నడిచారు.

ఒరిస్సాలోని నువాపడా ప్రాంతంలో ఆయనకు దొరికిన కథ ఒక్కటి చాలు. పాడి పెంచుతామని అక్కడ సంకరజాతి పశువుల పథకం పెట్టారు. స్థానిక ఖరియార్ జాతి ఆబోతులకు విత్తులు కొట్టించారు. పాలు పెరగలేదు సరికదా, ఉన్న మంచి జాతి పోయింది. కాగితం మీద అది అభివృద్ధి. ఊళ్లోకి వెళ్లి అడిగినవారికే అసలు సంగతి తెలిసింది. ఇలాంటి కథనాలతోనే 1996లో 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్' పుస్తకం వెలువడింది.

తర్వాత 'హిందూ' పత్రికకు అనంతపురం, విదర్భ రైతుల ఆత్మహత్యలపై ఏళ్ల తరబడి రాశారు. 2006లో బొంబాయి ఫ్యాషన్ ప్రదర్శనకు 512 మంది విలేకరులు హాజరైతే, విదర్భ చావుల వార్తలకు బయటినుంచి వెళ్లినవారు ఆరుగురేనని ఆయన లెక్క చెప్పారు. ఆ ప్రదర్శనలో చూపినవి నూలు వస్త్రాలు. చనిపోతున్నది పత్తి రైతులు!

2007లో మెగసెసే అవార్డు వచ్చింది. 2009లో పద్మభూషణ్‌ను కాదన్నారు. ఏ ప్రభుత్వం గురించి రాస్తామో ఆ ప్రభుత్వం నుంచి విలేకరి సత్కారం పుచ్చుకోరాదన్నది ఆయన అభిప్రాయం. 2014లో పల్లె బతుకుల కోసం 'పారి' సంస్థను ప్రారంభించారు.

అందరమూ సాయినాథ్‌లం కాలేము. అచ్చయిన వార్తను సెంటీమీటర్లలో కొలిచి ఇచ్చే డబ్బు గ్రామీణ విలేకరికి బస్సు ఛార్జీలకే చాలదు. యాజమాన్యాలు ఈ సంగతి ఆలోచించాలి. అయినా ప్రెస్ నోట్‌లో పూర్తయిందన్న బోరు మన పక్క ఊళ్లోనే ఉంటుంది. దాని చేతిపంపు ఒకసారి కొట్టి చూడడానికి అవార్డులు అక్కరలేదు. నీళ్లు వస్తే ఆ మాటే రాద్దాం. రాకపోతే అదే వార్త.